ఎరుపును చూడలేని కెమెరా: హిమానీనదాల నీలం కథ

ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసుముక్కకు రంగు లేదు. కొత్తగా కురిసిన మంచు మల్లెపూవంత తెలుపు. అదే మంచు పర్వతాల మీద ఏళ్ళ తరబడి పొరలు పొరలుగా పేరుకొని, తన బరువుకు తానే అణగి, గట్టిపడి, హిమానీనదమై లోయలోకి జారుతూ ఎక్కడో నిలువునా బీటలు వారినప్పుడు, ఆ బీట లోపల కనిపించే రంగు మాత్రం నీలం. మైలుతుత్తం పలుకును ఎండకు ఎత్తి పట్టి చూసినట్టుండే చిక్కని నీలం. ఆల్ప్స్ పర్వతాల్లోనూ, ఐస్‌లాండులోనూ, గ్రీన్‌లాండులోనూ, అంటార్కిటికాలోనూ తిరిగిన యాత్రికులెందరో ఈ రంగును చూసి ముగ్ధులై వ్రాశారు.

పందొమ్మిదో శతాబ్దపు హిమానీనద ఛాయాచిత్రాలను వరుసగా చూస్తూ పోతే ఒక వింత తోస్తుంది. అవన్నీ నలుపు తెలుపు బొమ్మలు కనుక నీలం కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమంతా మరొకచోట ఉంది. ఆ కాలపు గాజుపలకలు ప్రధానంగా చూడగలిగినది నీలపు కాంతినే. నీలాన్ని తప్ప మరి దేనినీ సరిగా చూడలేని కెమెరా, నీలపు మంచును తెల్లని మంచు నుంచి వేరుచేసి చూపలేకపోయింది! మన ఆలంకారికులు దీనిని విరోధాభాసమంటారు. ఆ విరోధం ఎలా పుట్టింది, ఎలా పరిహారమయింది, పరిహారమయ్యాక ఎటువంటి కొత్త చిక్కులు తెచ్చింది అన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా, మంచుకు ఆ నీలం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. నీటి అణువులో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ ఉన్న బంధం నిరంతరం కంపిస్తూ ఉంటుంది. ఈ కంపనపు మూలస్థాయి మన కంటికి కనిపించని పరారుణ ప్రాంతంలో ఉంది. కాని వీణ తీగను మీటితే మూలస్వరంతో పాటు పై స్వరాలు కూడా సన్నగా పలికినట్టే, ఈ కంపనాలకూ పై స్వరాలున్నాయి. అవి వర్ణపటంలోని ఎరుపు కొసను తాకుతాయి. అందువల్ల మంచుగడ్డ తనలోంచి పోయే ఎర్రని కాంతిని కొద్దికొద్దిగా తాగేస్తుంది. స్వచ్ఛమైన మంచులో ముదురు ఎరుపు కాంతి సుమారు రెండు మీటర్ల దూరం పోయేసరికి మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. నీలికాంతి మాత్రం వందల మీటర్లు పోయినా పెద్దగా తరగదు. ఐసుముక్క మందం రెండు మూడు సెంటీమీటర్లు. అందులో ఎరుపు తరగడానికి చోటెక్కడిది? అందుకే దానికి రంగు లేనట్టు కనిపిస్తుంది.

కురిసిన మంచు తెల్లగా ఉండడానికి కారణం వేరు. అది సన్నని స్ఫటికాల కుప్ప. లోపలికి పోయిన కాంతి అడుగడుగునా ఒక స్ఫటికపు అంచుకు తగిలి, దారి మళ్ళి, ఎరుపును పోగొట్టుకునే లోపే బయటికి వచ్చేస్తుంది. అన్ని రంగులూ సమానంగా తిరిగివస్తే మన కన్ను దానిని తెలుపంటుంది. హిమానీనదంలో పై పొరల బరువుకు స్ఫటికాల నడుమ ఉన్న గాలి చాలావరకు వెళ్ళిపోతుంది. మిగిలినది చిన్న చిన్న బుడగలుగా చిక్కుకొని క్రమంగా కుంచించుకుపోతుంది. చివరకు ఘనపు మీటరుకు 900 కిలోలు దాటిన గట్టి మంచు తయారవుతుంది. అందులో కాంతి చాలా దూరం పోయి, ఎరుపును వదిలిపెట్టి, ఎప్పటికో ఒక బుడగకో పగులుకో తగిలి వెనుదిరుగుతుంది. అలా తిరిగి వచ్చినదే మనం చూసే నీలం. కాబట్టి మంచు నీలమంటే ఎరుపు పోగా మిగిలిన శేషం. కాంతి ఎంత దూరం నడిచి వచ్చిందో చెప్పే కొలత. ఈ మాటను గుర్తుంచుకుంటే తరువాతి కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఈ వివరణకు ఒక చక్కని నిదర్శనం మన దగ్గరే ఉంది. తెలంగాణలోని మణుగూరు కర్మాగారంలో భారజలం తయారుచేస్తారు. భారజలంలో హైడ్రోజన్‌కు బదులు దానికన్నా బరువైన డ్యుటీరియం ఉంటుంది. బరువు పెరిగితే కంపనం మందగిస్తుంది, పై స్వరాలన్నీ పరారుణంలోకి జారిపోతాయి. అందుచేత మామూలు నీరు లోతుగా ఉన్నచోట నీలంగా కనిపిస్తే, అంతే లోతున్న భారజలానికి రంగు ఉండదు.

నీటి రంగు, మంచు రంగు శాస్త్రజ్ఞులను చాలాకాలం తికమకపెట్టాయి. జాన్ టిండాల్ ఆల్ప్స్ హిమానీనదాలను ఎక్కి దిగి 1860లో ప్రచురించిన గ్రంథంలో ఈ రంగుల ప్రసక్తి తెచ్చాడు. బాల్యం విశాఖపట్నం సముద్రతీరంలో గడిపిన చంద్రశేఖర వేంకట రామన్ 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని పరిశీలించి, అది కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదనీ, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయనీ వాదించాడు. ఆ ఆలోచనే ఆయనను 1928 నాటి రామన్ ఫలితం దాకా నడిపించింది. హిమానీనదం విషయంలో ముఖ్యపాత్ర ఎరుపును తాగేయడానిదేనని ఇప్పుడు తేలింది.

ఇక కెమెరా దగ్గరికి వద్దాం. 1850ల నుంచి రెండు మూడు దశాబ్దాల పాటు ఛాయాచిత్రకారులు వాడినది తడి కొలోడియన్ పద్ధతి. గాజుపలక మీద కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. ఈ వెండి లవణాలు నీలం, ఊదా, అతినీల కాంతులకే స్పందిస్తాయి. ఆకుపచ్చ అంతంతమాత్రం, ఎరుపు వాటి లెక్కలో చీకటితో సమానం. ఫోటో స్టూడియోల చీకటి గదుల్లో ఎర్రదీపం వెలిగించుకొని నిశ్చింతగా పనిచేయగలిగింది ఈ గుణం వల్లనే. తాతల కాలపు పెళ్ళి ఫోటోలలో ముత్తైదువుల కుంకుమబొట్టు నల్లని చుక్కగా కనబడడానికీ ఇటువంటి గుడ్డితనమే కారణం.

ఇటువంటి పలక ముందు ఒక హిమానీనదాన్ని నిలబెట్టండి. పైనున్న పొడిమంచు అన్ని రంగులనూ పంపుతుంది. అందులో నీలమూ పుష్కలంగా ఉంది. బీటలోని గట్టిమంచు ఎరుపును మింగి నీలాన్ని పంపుతుంది. పలకకు కనిపించేది నీలమే కనుక దాని లెక్కలో రెండూ ఒకటే. రెండింటికీ నడుమ ఉన్న తేడా ఎరుపులో ఉంది. ఆ తేడాను పట్టుకునే శక్తి పలకకు లేదు. నీలాకాశం కూడా ఇలాగే వెలవెలబోయి తెల్లకాగితంలా వచ్చేది. అందుకే ఆనాటి ఛాయాచిత్రకారులు మేఘాలను విడిగా మరో పలక మీద తీసి ఆకాశంలో అతికించుకునేవారు. నీలాన్ని చూపాలంటే కెమెరా ముందు ఎరుపును చూడడం నేర్చుకోవలసి ఉంది.

అంతమాత్రాన ఆ తరం వారి శ్రమను తక్కువ చేయరాదు. ఫ్రాన్సుకు చెందిన ఓగుస్త్ రొజాలీ బిసోన్ రెండు విఫలయత్నాల తరువాత 1861 జూలైలో మోఁ బ్లాఁ శిఖరం మీదికి పాతికమంది కూలీల చేత సామగ్రి మోయించుకొని వెళ్ళి, మంచు కరిగించి ఆ నీటితో పలకలు కడిగి, శిఖరాగ్రం మీద మూడు నెగెటివులు తీశాడు. బిసోన్ సోదరులు ఆ పర్వతపాదంలోని మెర్ ద గ్లాస్ హిమానీనదాన్ని తీసిన చిత్రాలలో ప్రతి బీటా, ప్రతి గట్టూ సూదిమొన అంత స్పష్టంగా ఉంటాయి.

మన దేశంలో ఈ పని చేసినవాడు శామ్యూల్ బోర్న్. నాటింగ్‌హామ్ బ్యాంకులో గుమాస్తాగిరీ వదిలి 1863లో భారతదేశానికి వచ్చిన ఈ ఆంగ్లేయుడు మూడుసార్లు హిమాలయాలలో సుదీర్ఘయాత్రలు చేశాడు. 1866లో 18,600 అడుగుల ఎత్తున్న మానిరంగ్ కనుమ మీద బొమ్మలు తీశాడు. చాలా ఏళ్ళ పాటు అంత ఎత్తున ఎవరూ కెమెరా నిలపలేదు. అదే యాత్రలో గంగోత్రి హిమానీనదాన్నీ, భాగీరథి వెలువడే గోముఖం దగ్గరి మంచుగుహనూ చిత్రించాడు. శతాబ్దాలుగా యాత్రికులు మాటలలో చెప్పుకున్న స్థలం మొదటిసారిగా పలక మీదికి ఎక్కింది. ఆ గుహ కప్పులో మెరిసే నీలం మాత్రం ఎక్కలేదు. బోర్న్ స్థాపనలో భాగస్వామి అయిన బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో కలకత్తాలో 2016 దాకా నడిచి మూతపడింది.

రంగు కావాలనుకున్నవారు చిత్రకారులనే ఆశ్రయించారు. అమెరికన్ చిత్రకారుడు ఫ్రెడెరిక్ చర్చ్ 1859లో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ తీరాలలో మంచుకొండల మధ్య తిరిగి, 1861లో వాటినొక బృహచ్చిత్రంగా లిఖించాడు. మరో చిత్రకారుడు విలియం బ్రాడ్‌ఫర్డ్ 1869లో 'పాంథర్' అనే ఓడ మీద గ్రీన్‌లాండుకు వెళుతూ జాన్ డన్మోర్, జార్జ్ క్రిచర్సన్ అనే ఇద్దరు ఛాయాచిత్రకారులను వెంట తీసుకుపోయాడు. ఆ చిత్రాలతో 1873లో లండనులో ఒక భారీ గ్రంథం వెలువడింది. ఇక్కడ పని పంపకం గమనించదగ్గది. మంచుకొండ ఆకారం కెమెరా వంతు. రంగు కుంచె వంతు. ఛాయాచిత్రం సాక్ష్యమిచ్చేది, కాని సగమే ఇచ్చేది. తక్కిన సగానికి చిత్రకారుని జ్ఞాపకం మీద నమ్మకముంచాలి.

ఆ సగాన్ని పూరించే దారి అనుకోకుండా దొరికింది. 1873లో బెర్లిన్ ఆచార్యుడు హెర్మన్ విల్హెల్మ్ ఫోగెల్ తన ప్రయోగాలలో ఒక పలక ఆకుపచ్చ కాంతికి కూడా స్పందించడం చూశాడు. వెతికి చూస్తే ఆ పలక పూతలో కలిపిన రంగుపదార్థమే కారణమని తేలింది. వెండి లవణం తాను చూడలేని కాంతిని, తనకు అంటుకున్న రంగు అణువు ద్వారా చూస్తుందన్నమాట. ఈ సూత్రం ఆధారంగా 1880లలో ఆకుపచ్చ దాకా చూడగల ఆర్థోక్రోమాటిక్ పలకలు వచ్చాయి. ఎరుపుతో సహా వర్ణపటమంతా చూడగల పాంక్రోమాటిక్ పలకలు 1906లో ఇంగ్లండులో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ ద్వారా బజారుకొచ్చాయి. వీటిని కడగడానికి ఎర్రదీపం కూడా పనికిరాదు, కటిక చీకటి కావాలి. పసుపు లేదా ఎర్రని గాజును కటకం ముందు పెట్టి ఈ పలకల మీద బొమ్మ తీస్తే, తెల్లని మంచు తెల్లగానే ఉండి నీలపు మంచు నల్లబడుతుంది. నలుపు తెలుపుల్లోనే మొట్టమొదటిసారి నీలానికి వేరే ఉనికి దొరికింది.

మరుసటి ఏడాదే, అంటే 1907లో, లూమియేర్ సోదరులు ఆటోక్రోమ్ పలకలను అమ్మకానికి పెట్టారు. ఆలుగడ్డల పిండి రేణువులను నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో అద్ది, కలగలిపి, గాజు మీద ఒకే పొరగా పరచి, సందుల్లో బొగ్గుపొడి కూరి, దాని మీద పాంక్రోమాటిక్ పూత పూసేవారు. ప్రతి రేణువూ ఒక చిన్న రంగుల కిటికీ. ఇంటింటా ఉండే దుంప ధర్మమా అని మంచు నీలాన్ని పట్టుకునే సాధనం ఎట్టకేలకు సిద్ధమయింది. అయితే రంగు రేణువులు చాలా కాంతిని మింగేస్తాయి కనుక మంచి ఎండలో కూడా సెకను వరకు, కొన్నిసార్లు అంతకు మించి, కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. మసకవెలుతురు ఉండే మంచుగుహల్లో ఆ పని ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఈ పలకలను అంటార్కిటికాకు తీసుకుపోయినవాడు హెర్బర్ట్ పాంటింగ్. కెప్టెన్ స్కాట్ నాయకత్వంలో 1910లో బయలుదేరిన టెరా నోవా యాత్రకు ఇతడు అధికారిక ఛాయాచిత్రకారుడు. 1911 జనవరి 5న, ఓడ తీరం చేరిన మరునాడు, తలకిందులుగా ఒరిగిన ఒక మంచుకొండలో ఇతనికి గుహ ఒకటి కనిపించింది. బయటి నుంచి చూస్తే లోపలంతా తెల్లగా, రంగులేనట్టుగా తోచిందనీ, లోపల అడుగుపెట్టాక నీలమూ పచ్చా కలిసిన అద్భుతమైన వర్ణమేళనం కనబడిందనీ తరువాత తన పుస్తకంలో చెప్పుకున్నాడు. గుహ లోపలి నుంచి బయటికి చూస్తూ, ద్వారంలో గ్రిఫిత్ టేలర్, చార్లెస్ రైట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులను నిలబెట్టి, దూరాన టెరా నోవా ఓడ కనిపించేలా తీసిన ఆ ఛాయాచిత్రం ధ్రువయాత్రల చరిత్రలోనే మిక్కిలి ప్రసిద్ధమైనది. అది నలుపు తెలుపు చిత్రం! తనను అంతగా కదిలించిన నీలం లేకుండానే ఆ బొమ్మ లోకప్రసిద్ధి పొందింది.

అతని ఆటోక్రోమ్ పలకలు కొన్ని 1911 అంటార్కిటిక్ శరత్కాలపు సూర్యాస్తమయాలను పట్టుకున్నాయి; చలిలో, దూరప్రయాణంలో పాతబడిన పలకలు ఆశించినంతగా ఫలించలేదు. లండనుకు తిరిగివచ్చాక తన ప్రతులను కొన్నింటిని నీలం, ఆకుపచ్చ వర్ణద్రవ్యాలతో కార్బన్ పద్ధతిలో ముద్రించుకున్నాడు. బొమ్మంతా ఒకే నీలం. మంచూ, మనుషులూ, ఓడా అన్నిటికీ అదే రంగు. కెమెరా పట్టుకోలేనిదానిని ఛాయాచిత్రకారుడు జ్ఞాపకంతో అద్దాడన్నమాట. అదే యాత్రలో వైద్యుడూ చిత్రకారుడూ అయిన ఎడ్వర్డ్ విల్సన్ పద్ధతి మరొకటి. ఆరుబయట నీటిరంగులు గడ్డకట్టుకుపోతాయి కనుక అతడు పెన్సిలుతో రేఖాచిత్రం గీసి, ఏ భాగం ఏ రంగో పేర్లు రాసుకొని, గుడిసెలోకి వచ్చాక దీపం వెలుగులో రంగులు నింపేవాడు. 1912 మార్చిలో స్కాట్‌తో పాటు గుడారంలోనే అతడు మరణించాడు. 1911 నాటి అంటార్కిటికా రంగులు మనకు తెలిశాయంటే చాలావరకు ఆయన పెన్సిలు రాతల పుణ్యమే.

రంగు చిత్రం కోసం ప్రాణాపాయానికి ఒడిగట్టినవాడు ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రాంక్ హర్లీ. ఇతడు షాకిల్టన్ 1914 నాటి యాత్రలో పేజెట్ రంగు పలకలు వాడాడు. ఈ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ళున్న తెరను పలక ముందు పెట్టి బొమ్మ తీసి, తరువాత అటువంటి తెరనే జతచేసి చూస్తారు. ఆటోక్రోమ్ కన్నా తక్కువ సమయం చాలు. వెడెల్ సముద్రంలో గడ్డకట్టిన మంచు వారి ఓడ 'ఎండ్యూరెన్స్'ను నలిపివేసింది. 1915 అక్టోబరు చివర ఓడను విడిచిపెట్టారు. కొద్దిరోజులకు హర్లీ సగం మునిగిన ఓడలోకి దిగి, మంచునీటిలో మునిగి, పలకల డబ్బాలను పైకి తెచ్చాడు. పడవల్లో చోటు లేదు కనుక షాకిల్టన్‌తో కలిసి కూర్చుని ఒక్కొక్క పలకనే చూసి సుమారు 120 ఉంచి, 400 దాకా అక్కడే పగలగొట్టాడు. మళ్ళీ మనసు మారి ఏరుకోకుండా ఉండడానికే పగలగొట్టాడట! ఉంచుకున్నవాటిలో కొన్ని రంగు పలకలున్నాయి. ఓడ నవంబరు 21న మునిగింది. 2022 మార్చిలో సుమారు మూడు కిలోమీటర్ల లోతున దాని శిథిలం దొరికింది. ఓడ సముద్రగర్భంలో నూరేళ్ళకు పైగా పడి ఉన్నా, అది తేలుతున్న నాటి రంగులు కొన్ని గాజు మీద బతికాయి.

1935, 36 సంవత్సరాలలో కొడాక్రోమ్ ఫిల్ము వచ్చాక రంగు ఛాయాచిత్రం సామాన్యుడి చేతికి అందింది. అక్కడినుంచి కథ అడ్డం తిరుగుతుంది. ఇంతకాలం నీలం రాలేదన్నది బాధ. ఇక మీదట అక్కరలేని చోట కూడా నీలం వస్తోందన్నది బాధ. ఎత్తైన పర్వతాల మీద అతినీల కాంతి ఎక్కువ. మన కంటికి కనిపించని ఆ కాంతిని ఫిల్ములోని నీలపు పొర చూసి, దూరపు మంచునంతా నీలిమందులో ముంచినట్టు చూపేది. దానిని ఆపడానికి కటకాలకు ప్రత్యేకమైన వడపోత గాజులు బిగించేవారు. దానికి తోడు నీడల సమస్య ఒకటి. ఎండ కాసే రోజున మంచు మీది నీడలను వెలిగించేది నీలాకాశం ఒక్కటే కనుక అవి నిజంగానే నీలంగా ఉంటాయి. మన కన్ను, మెదడు కలిసి దానిని సర్దేసుకుంటాయి, ఫిల్ము సర్దుకోదు.

దీనితో ఒకే బొమ్మలో రెండు నీలాలు చేరాయి. ఒకటి ఆకాశం నుంచి అరువు తెచ్చుకున్నది, రెండవది మంచు తన లోతుల్లో సంపాదించుకున్నది. వీటిని విడదీసే ఉపాయం అనుభవజ్ఞులైన ఛాయాచిత్రకారులకు తెలుసు: మబ్బు పట్టిన రోజున తీయడం. మబ్బు కింద నీడల నీలం మాయమవుతుంది, హిమానీనదపు నీలం నిలుస్తుంది. సాధారణంగా ప్రకృతిదృశ్యాలకు ఎండ మేలంటారు. ఈ ఒక్క విషయంలో ముసురే మేలు.

డిజిటల్ కెమెరాలో కథ మరో మలుపు తిరిగింది. 1976లో కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయర్ పేరిట పేటెంటు పొందిన రంగుగళ్ళ అమరికే నేటి కెమెరాలలో, చేతిఫోనులలో ఎక్కువ భాగానికి ఆధారం. ఆటోక్రోమ్ పిండిరేణువుల పని ఇప్పుడు ఈ గళ్ళు చేస్తున్నాయి. కాని కెమెరా ఇక్కడితో ఆగదు. బొమ్మలో ఏది తెలుపో తానే ఊహించి మిగిలిన రంగులను సర్దుతుంది. ఈ ఊహకు పాత సూత్రం ఒకటుంది: ఏ దృశ్యంలోనైనా రంగులన్నిటినీ సగటు చేస్తే బూడిదరంగు రావాలని. చుట్టూ నీలం తప్ప మరేమీ లేని మంచుగుహలో ఈ సూత్రం బోల్తాపడుతుంది. కెమెరా ఆ నీలాన్ని దీపకాంతిలోని దోషంగా భావించి, దానికి ఎరుపు కలిపి, 'దిద్ది' ఇస్తుంది. ఒకప్పుడు ఎరుపును చూడలేక నీలాన్ని పోగొట్టిన యంత్రమే ఇప్పుడు లేని ఎరుపును కల్పించి పోగొడుతోంది.

అతి దీనికి ఎదురుగా ఉంది. తెరమీద ఒక మీట జరిపితే నీలం ఎంత కావాలంటే అంత చిక్కబడుతుంది. తెల్లని మంచు ఉన్న దృశ్యాన్ని కెమెరా సహజంగానే కాస్త చీకటిగా తీస్తుంది. దానికి ఈ మీట తోడైతే ప్రపంచంలో ఎక్కడా లేని నీలం తయారవుతుంది. ఇటువంటి బొమ్మలు చూసి ప్రతి శీతకాలమూ వేలమంది ఐస్‌లాండులోని వత్నయోకుల్ మంచుగుహలకు వెళ్తున్నారు. ఆ గుహలు ఎండాకాలపు నీటిప్రవాహాలు తొలిచినవి, ఏడాదికేడాదికి మారేవి, చలి నెలల్లో తప్ప నమ్మదగనివి. 2024 ఆగస్టు 25న ఆ హిమానీనదపు ఒక శాఖ మీద మంచు కూలి ఒక పర్యాటకుడు మరణించాడు. నీలం మీది మోజు కొందరికి ప్రాణాంతకం కూడా అయింది.

బొమ్మ అందంగా ఉంటే చాలదా, నీలం కాస్త అటూ ఇటూ అయితే ఏమిటి అని అడగవచ్చు. ఆ బొమ్మలు రేపు ఎందుకు పనికివస్తాయో ఆలోచిస్తే నాకు సమాధానం తోస్తుంది. బిసోన్ సోదరులు చిత్రించిన మెర్ ద గ్లాస్ అప్పటినుంచి రెండు కిలోమీటర్లకు పైగా వెనక్కు తగ్గింది. దానిని చూడడానికి 1909లో మోంతన్వేర్ దాకా రైలు వేసినప్పుడు మంచు స్టేషనుకు చేరువలో ఉండేది. ఇటీవలి ఏళ్ళలో కేబుల్‌కారు దిగాక ఐదువందలకు పైగా మెట్లు దిగితే గాని మంచు అందని స్థితి వచ్చి, 2024లో మరింత ఎగువన కొత్త కేబుల్‌కారు వేయవలసి వచ్చింది. గోముఖం 1935లో భూవిజ్ఞాన సర్వే వారు పటం గీసిన నాటి చోటి నుంచి కిలోమీటరుకు పైగా వెనక్కు జరిగింది. బోర్న్ కెమెరా ముందు నిలిచిన మంచుగుహ ఇప్పుడు అక్కడ లేదు. ఐస్‌లాండులో ఓక్ అనే హిమానీనదం 2014లో మృతిచెందినట్టు ప్రకటితమైతే, 2019లో దానికి స్మారకఫలకం పెట్టారు.

ఈ మార్పులను లెక్కగట్టే శాస్త్రజ్ఞులకు ఆ పాత రంగులేని చిత్రాలే విలువైన ఆధారాలు. అవి నీలాన్ని చూపలేదు గాని అంచును అబద్ధమాడకుండా చూపాయి. 2007లో జేమ్స్ బలోగ్ ఇదే ఆలోచనతో గ్రీన్‌లాండు, ఐస్‌లాండు, అలాస్కా మొదలైన చోట్ల రాతికి బిగించిన కెమెరాలతో ఏళ్ళ తరబడి హిమానీనదాలను చిత్రించే పని మొదలుపెట్టాడు. 2008 మే 28న గ్రీన్‌లాండులోని ఇలులిసాట్ హిమానీనదం నుంచి గంటంబావు పాటు మంచుకొండలు విరిగిపడడాన్ని ఆ బృందం చిత్రించింది. 2012లో అది 'చేజింగ్ ఐస్' అనే చిత్రంగా విడుదలయింది. అప్పుడే తిరగబడిన మంచుకొండ అడుగుభాగం నీలంగా మెరుస్తుంది. ఎండా గాలీ తగిలి ఉపరితలం గరుకెక్కితే కొన్నాళ్ళకే తెల్లబడిపోతుంది. అంటే బయటపడిన నీలానికి ఆయువు తక్కువ. ఆ కాస్త సమయంలో పట్టుకున్నదే మిగులుతుంది.

మంచు నీలమంటే మందానికి గుర్తనీ, కాంతి నడిచిన దూరానికి కొలతనీ మొదట్లో అనుకున్నాం. పలచబడిన మంచుకు ఆ రంగు రాదు. కనుక హిమానీనదపు బొమ్మలో నీలం అలంకారంతో పాటు సమాచారం కూడా. ఎంత గట్టి మంచు, ఎంత లోతు నుంచి బయటపడిందో అది కొంతవరకు చెబుతుంది. మీట జరిపి దానిని పెంచినా, యంత్రానికి వదిలేసి తగ్గించినా, ఆ సమాచారం పోతుంది. విల్సన్ చలిలో వణుకుతూ రంగుల పేర్లు రాసుకున్నది ఇందుకే కదా!

మీలో ఎవరైనా గోముఖానికో, మరే హిమానీనదానికో వెళితే, ఒక చిన్న మనవి. బొమ్మతో పాటు తేదీ, స్థలం, ఆకాశం మబ్బుగా ఉందో తేటగా ఉందో రాసి పెట్టుకోండి. చట్రంలో ఎక్కడో ఒక మూల ఒక తెల్లకాగితమో, మామూలు రాయో కనిపించనివ్వండి. రంగు సరిచూసుకోవడానికి అది సాక్షిగా ఉంటుంది. వెలుగులు దిద్దుకున్న ప్రతిని మిత్రులకు చూపించినా, కెమెరా ఇచ్చిన అసలు దస్త్రాన్ని చెరపకుండా దాచండి. నూరేళ్ళ తరువాత ఎవరో ఒకరు దానిని తెరిచి, అక్కడ ఎంత మంచు ఉండేదో, అది ఎంత నీలంగా ఉండేదో తెలుసుకోవాలని చూస్తారు.